అది ఏం చదివిందో అడగమన్న మేడమ్

మంగళవారం పొద్దున ఆఫీసులో టీ తాగుతుండగా మా కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో ఒక సందేశం వచ్చింది. ల్యాబ్ మేడమ్ నిన్న సాయంత్రం పోయారు, తంబళ్లపల్లె దగ్గర సొంత ఊళ్లో ఈ మధ్యాహ్నం మట్టి చేస్తారు అని. దాని కింద జోడించిన చేతుల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరుతున్నాయి. నేనూ ఒకటి పెట్టాను. మిగిలిన టీ తాగాను. గ్లాసు కింద పెట్టాక, ఆమె కోసం నేను చేసింది ఆ బొమ్మ పెట్టడమేనని తెలిసొచ్చి, సెలవు చెప్పి బస్టాండుకు పోయాను.

మేడమ్ అంటే లెక్చరర్ అనుకోకండి. అంగళ్లు దగ్గర నేను చదివిన ఇంజినీరింగ్ కాలేజీలో ఆమె కంప్యూటర్ ల్యాబ్ టెక్నీషియన్. అమ్మానాన్నలు శెనగచేలల్లో కూలికి పోయినవాళ్లు. ఆమె మొదట చేరింది కంప్యూటర్ల మీద దుమ్ము తుడిచే పనికి. తుడుస్తూ తుడుస్తూ, డబ్బాలతోపాటు వచ్చే పుస్తకాలు చదివారు. వాటిని చదివినవాళ్లు ఆ కాలేజీలో ఇంకెవరూ లేరు. పదేళ్లు తిరిగేసరికి, ఏదైనా మొండికేస్తే పెద్ద చదువులు చదివిన సార్లు ఆమె కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. రిటైరయ్యేదాకా ఆమె హోదా మాత్రం టెక్నీషియనే. దాని గురించి ఆమె ఎప్పుడైనా బాధపడ్డారో లేదో నాకు తెలియదు. అడిగే చనువు ఇచ్చే మనిషి కాదు.

ఆమెతో నా మొదటి మాటలు బాగా గుర్తున్నాయి. రెండో సంవత్సరంలో, నా కంప్యూటర్ ఆగిపోతే లేచి చెప్పాను.

"మేడమ్, పని చేయడం లేదు."

"పని చేయకుండా ఏం చేస్తాండాది?"

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నిజంగానే అడుగుతున్నారు.

"ఏదో ఎర్రర్ వచ్చింది మేడమ్."

"ఏమని వచ్చింది?"

"చూడలేదు మేడమ్, మూసేసినాను."

"అది నీతో మాట్లాడతాంటే మొహం తిప్పుకుంటివా? మళ్లీ రప్పించు. గట్టిగా సదువు, అందరికీ వినపడల్ల."

వచ్చిన ఇంగ్లీషులో ఆ నాలుగు లైన్లూ తడబడుతూ చదివాను. మూడో లైనులోనే జవాబు ఉంది. ఆమె అప్పటికే పక్క వరసకు వెళ్లిపోయారు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లలో చాలామందికి ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. గ్రూపులో ఆ రోజంతా అవే రాసుకున్నారు.

ఇంకొకటి కూడా రాశారు, అది నా ముందు బ్యాచ్ వాళ్ల కాలంలో జరిగింది. ప్రాక్టికల్ పరీక్షల ముందురోజు ఆమె పొరపాటున ఒక డిస్కు చెరిపేశారట. విద్యార్థుల ప్రాజెక్టులు కొన్ని పోయాయి. కరెంటు పోయిందని చెప్పి ఉంటే ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. మరునాడు పొద్దున ల్యాబు తలుపు మీద తెల్ల కాగితం అంటించి ఉంది. నిన్న నేను తప్పు డిస్కు చెరిపాను, మీ పని పోయింది, తిరిగి చేసుకునేవాళ్లకు నేను ఆదివారం కూడా ల్యాబు తెరుస్తాను, అని రాసి కింద సంతకం. ప్రిన్సిపాల్ ఆ కాగితం తీసేయమంటే, అందరూ చదివినాక తీస్తానన్నారట.

ఆమెకు కొన్ని అలవాట్లు ఉండేవి. ఇంకొకరి కీబోర్డు ముట్టుకునేవారు కాదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మన చేతే కొట్టించేవారు. ఎంత ఆలస్యమైనా సరే. మధ్యాహ్నం స్టీలు డబ్బాలో ఉడకబెట్టిన శెనక్కాయలు తెచ్చుకునేవారు, తొక్కలు డబ్బా మూతలోనే పోగేసేవారు. రీస్టార్ట్ అంటే ఆమెకు చెడ్డ చిరాకు. "ఆపి మళ్లీ పెడితే తప్పు పోదప్పా, దాంకుంటాది," అనేవారు. పెళ్లిళ్లకు పిలిస్తే రారు. బాగుంది అనే మాట ఆమె నోట నేను విన్నది తక్కువ. ఆమెను ఇష్టపడనివాళ్లు కూడా కాలేజీలో ఉన్నారు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి.

ఇక నేను రాయాల్సిన సంగతికి వస్తాను. ఇది రాయకుండా ఆమె గురించి ఎంత రాసినా సగమే అవుతుంది.

చదువయ్యాక నేను మదనపల్లెలో ఒక రక్తపరీక్షల ల్యాబులో సర్వర్లు చూసుకునే పనిలో చేరాను. ల్యాబుకు పుంగనూరులో, కుప్పంలో కూడా సెంటర్లు ఉన్నాయి. మూడు ఊళ్ల వివరాలూ మదనపల్లెలో ఒక్క డేటాబేస్ సర్వర్‌లో ఉంటాయి. సర్వర్ మొదలయ్యేటప్పుడు ఒక చిన్న ఫైలు చదువుకుంటుంది. ఒకేసారి ఎన్ని కనెక్షన్లు రానివ్వాలి, ఎంత మెమరీ వాడుకోవాలి వంటివి అందులో రాసి ఉంటాయి. ఆ ఫైలు రాసేది నేనే, మార్చేది నేనే.

కుప్పం టెక్నీషియన్‌కు కొద్దోగొప్పో కంప్యూటర్ తెలుసు. చిన్నచిన్న మార్పులకు కూడా నాకు ఫోన్ చేయాల్సి వస్తోందని విసుక్కునేవాడు. ఒకరోజు అడిగేశాడు: "ఆ ఫైలు మాకూ ఇస్తే ఏమవుతాది? మమ్మల్ని నమ్మవాప్పా?" ఆ మాట పడ్డాక కాదనడం నాకు చేతకాలేదు. అతనికి ఒక్కడికి ఇస్తే పుంగనూరువాళ్లు ఏమనుకుంటారో అని, ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు అని ఆ ఫైలును అందరికీ తెరిచి పెట్టాను. ఒక్క లైను పని. ఆ తర్వాత ఎవరూ అందులో ఏమీ రాయలేదు. నేనూ మరిచిపోయాను.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, సర్వర్ ఆగి మళ్లీ మొదలైంది. మరునాటి పొద్దున్నుంచి కష్టాలు. ఏడు గంటలకు చక్కెర జబ్బువాళ్లు పరగడుపున వచ్చి మూడు ఊళ్లలోనూ లైను కడతారు. ఏడున్నరకల్లా కనెక్షన్లు నిండిపోయాయి అనేది సర్వర్. కౌంటర్లన్నీ బిగుసుకుపోయేవి. పుంగనూరులో ఒక పెద్దాయన లైనులోనే కళ్లు తిరిగి కూలబడ్డాడు. నేను ఫైల్లో నాలుగు వందలు అని ఉన్నదాన్ని ఆరు వందలు చేశాను, రీస్టార్ట్ చేశాను. ఎనిమిది వందలు చేశాను, రీస్టార్ట్ చేశాను. ఏం రాసినా మరునాడు పొద్దున అదే వరస.

మేనేజర్ నా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "ఎవరప్పా దీనికి కారణం? ఒక పేరు చెప్పు నాకు." నా స్క్రీన్ మీద కనెక్షన్ల జాబితా ఉంది. అందులో పుంగనూరువి ఎక్కువ. పుంగనూరు రిజిస్ట్రేషన్ కౌంటర్ చూసే అమ్మాయి లైను త్వరగా కదలాలని రెండు కంప్యూటర్లు తెరుచుకుని పనిచేసేది. "పుంగనూరులో ఎక్కువ వాడతాండారు సార్," అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆయనకు కావలసింది దొరికింది. వారం తిరగకముందే ఆ అమ్మాయిని కుప్పం మార్చారు. ఆమెది చౌడేపల్లె. ఇంట్లో పాడి, ఐదేళ్ల కొడుకు. చౌడేపల్లె నుంచి పుంగనూరు, అక్కడినుంచి కుప్పం, పోను రెండు గంటల పైమాట, రాను అంతే. బిడ్డ లేవకముందే బయల్దేరాలి.

ఆమెను మార్చాక కూడా సర్వర్ బాగుపడలేదు. అప్పుడు మేడమ్‌కు ఫోన్ చేశాను. అప్పటికి ఆమె రిటైరై మదనపల్లెలోనే నీరుగట్టువారిపల్లెలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. ఆటోలో వచ్చారు. చెప్పులు గది బయట విడిచి, స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"ఏం చేస్తాండాది?"

"మాట వినడం లేదు మేడమ్. ఆరు వందలని రాసినాను, ఎనిమిది వందలని రాసినాను..."

"నువ్వేం రాసినావో నాకొద్దు. అది ఏం సదివిందో దాన్నే అడుగు."

ఇన్ని రోజుల్లో నేను ఆ పని చేయలేదు. ఫైలు వంద సార్లు తెరిచి చూసుకున్నాను గానీ సర్వర్‌ను ఒక్కసారి అడగలేదు. అడిగాను. నూట యాభై ఒకటి అంది.

"ఆ లెక్క ఎవరు రాసినారు?"

"ఎవరూ రాయలేదు మేడమ్. మనమేం చెప్పకపోతే అది వాడుకునే సొంత లెక్క."

"అంటే నీ ఫైలు అది తెరవనే లేదు. ఆ రీస్టార్ట్ బటను నొక్కొద్దు. చేత్తో స్టార్ట్ చెయ్. వచ్చిందంతా పైనుంచి సదువు. గట్టిగా."

మళ్లీ రెండో సంవత్సరం కుర్రాడిలా గట్టిగా చదివాను. మూడో నాలుగో లైనులో ఉంది. ఈ ఫైల్లో ఎవరైనా రాయగలరు, అందుకని దీన్ని వదిలేస్తున్నాను, అని. నేను బటను నొక్కి రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ, నా తెర మీద కనపడకపోయినా, సర్వర్ ఆ మాట చెబుతూనే ఉంది.

"తెరిచి పెట్టింది ఎవరు?"

చెప్పాను. కుప్పంవాళ్లు అడిగారని, కాదంటే బాగుండదనిపించిందని.

"మొహమాటమా?"

"అవును మేడమ్."

ఆమె నవ్వారు. నాకు తెలిసి ఆమె పెద్దగా నవ్వడం అదొక్కసారే. "దానికి లేదు సూడు. పోయేవాడూ వచ్చేవాడూ రాసే కాగితాన్ని అది యాల నమ్మల్ల?" అన్నారు. ఫైలు రాసే అధికారం నాకొక్కడికే ఉంచి మిగిలినవాళ్లకు మూశాను. సర్వర్ మొదలుపెట్టి అడిగితే ఎనిమిది వందలు అని బుద్ధిగా చెప్పింది. అన్ని అక్కర్లేదని చెప్పి ఆమె తిరిగి నాలుగు వందలు రాయించారు. అంతా కలిపి అరగంట పట్టలేదు.

ఆ సంబరంలో పుంగనూరు అమ్మాయిని మార్చిన సంగతి నేనే బయటపెట్టాను. ఆమె చెప్పులేసుకుంటూ ఆగారు.

"ఆ పాపకు ఎవరు చెప్తారు, ఇది నీదని?"

"నేనే చెప్తాను మేడమ్. మేనేజర్‌కూ చెప్తాను."

మరునాడు మేనేజర్ నా భుజం తట్టాడు. "ఆ పాపను మార్చినాము, నువ్వు సర్వర్ సూసినావు. రెండూ కలిసి కుదిరింది." అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. తెరిచి, థ్యాంక్స్ సార్ అన్నాను. అప్పటికి నా భార్య నెలలు నిండి ఉంది, ఉద్యోగం పోతుందేమోనని భయం. తర్వాత కూతురు పుట్టింది. తర్వాత, ఇంతకాలం చెప్పకుండా ఇప్పుడు చెప్తే ఏమనుకుంటారో అని. కారణాలు మారుతూ వచ్చాయి, నేను మాత్రం చెప్పలేదు.

నెలకో రెండు నెలలకో మేడమ్ గదికి వెళ్లేవాణ్ని. మొదటిసారి వెళ్లినప్పుడు అడిగారు.

"చెప్పినావా?"

"చెప్పినాను మేడమ్."

"మేనేజర్‌కు?"

"ఆయనకూ."

"మంచిది," అని శెనక్కాయల డబ్బా నా వైపు జరిపారు. రెండోసారీ అడిగారు, మూడోసారీ అడిగారు. మూడుసార్లూ అదే చెప్పాను, మూడుసార్లూ మంచిది అన్నారు. నాలుగోసారి అడగలేదు. నేను వెళ్లడం కూడా తగ్గింది. పని ఎక్కువైందని ఇంట్లో చెప్పేవాణ్ని. కిందటి సంవత్సరం ఆరోగ్యం బాగాలేక ఆమె సొంత ఊరికి, తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారని ఎవరో చెబితే తెలిసింది.

ఆ మంగళవారం నేను చేరేసరికి మట్టి చేయడం అయిపోవస్తోంది. కాలేజీ నుంచి పదిమంది దాకా వచ్చారు. అందరికీ నీళ్లందిస్తున్న ఆమె తమ్ముడు, నేను రక్తపరీక్షల ల్యాబు నుంచి వచ్చానని తెలిసి నా దగ్గర ఆగాడు.

"కుప్పం ల్యాబు పాపకు కూడా ఫోన్ చేసినాము సార్. బస్సు దొరకలేదంట, ఫోన్లోనే ఏడిసింది. మా అక్కంటే శానా ఇది ఆ పాపకు. రక్తపరీక్షలకని అక్క ఇంకెక్కడికీ పోకుండా అంతదూరం కుప్పమే పొయ్యేది."

నేను చేతిలో ఉన్న నీళ్లు తాగాను. తంబళ్లపల్లె నుంచి కుప్పం పోవాలంటే మదనపల్లె ల్యాబు ముందునుంచే పోవాలి.

గురువారం పొద్దున మొదటి బస్సుకు కుప్పం వెళ్లాను. దారిలో పుంగనూరులో బస్సు ఆగినప్పుడు, ఆ అమ్మాయి ప్రతిరోజూ ఈ సీట్లలో ఎక్కడో కూర్చునే ఉంటుందని అనుకున్నాను. రెండేళ్లలో ఆ దారి నేను పోవడం అదే మొదటిసారి. సెంటర్‌లో పరగడుపువాళ్ల లైను తలుపు దాకా ఉంది. ఆమె కౌంటర్ వెనకనుంచి నన్ను చూసి, బెంచీ చూపించింది. "కూర్చో అన్నా. లైను తగ్గనీ."

లైను తగ్గేదాకా కూర్చుంటే మళ్లీ ఏదో ఒక కారణం దొరుకుతుందని నాకు తెలుసు. లేచి కౌంటర్ దగ్గరకు వెళ్లాను.

"ఆ పొద్దు సర్వర్ ఆగింది నీ వల్ల కాదమ్మా. నా వల్ల. నేను ఫైలు తెరిచి పెట్టినాను."

ఆమె ఎవరి పేరో టైపు చేస్తోంది. అది పూర్తి చేసి, చీటీ ఇచ్చి, అప్పుడు నా వైపు చూసింది.

"తెలుసన్నా."

"ఎట్లా?"

"మేడమ్ వచ్చింది కదా. నేనీడికి వచ్చిన నెలలోనే. ఆ బెంచీ మీదనే కూర్చుని అంతా చెప్పింది. 'మేనేజర్‌తో నేను మాట్లాడతాను, నీ పని నీకు వస్తాది, మాట్లాడమంటావా పాపా' అనింది. నేనే వద్దంటి."

"యాల?"

"నువ్వు చెప్తావనుకుంటినన్నా. ఈ పని నాకు నేర్పించింది నువ్వే కదా." కోపంగా అనలేదు. నిన్న ఏం కూర వండాను అన్నట్టు అంది. "తర్వాత తర్వాత ఆయమ్మ రక్తపరీక్షకు వచ్చినప్పుడంతా అడిగేది, చెప్పినాడా పాపా అని. ఇంకా లేదు మేడమ్ అనేదాన్ని. చెప్తాడులే అనేది. పోయిన నెల కూడా అనింది."

నాకు సిగ్గేసింది. ఇంకే పేరూ పెట్టలేను దానికి. నా గదిలో కాదు, మేడమ్ గదిలో, ఆమె ఎదురుగా కూర్చుని చెప్పినాను మేడమ్ అన్న ప్రతిసారీ ఆమెకు తెలుసు. తెలిసే డబ్బా నా వైపు జరిపారు. ఎవరితోనైనా మొహం మీదే చెప్పే మనిషి, నా ఒక్కడితో అది అబద్ధమనే మాట అనలేదు. నన్ను వదిలేశారా, నమ్మారా అని ఆ రోజు నుంచీ ఆలోచిస్తున్నాను. ఆమె పోయారు కాబట్టి అడగడానికి లేదు. ఈ అమ్మాయి మాటను బట్టి చూస్తే నమ్మారనే అనుకోవాలి.

బెంచీ మీదకు తిరిగి వెళ్లి, ఫోన్‌లో మేనేజర్‌కు రాశాను. ఫైలు ఎవరు తెరిచారో, ఎందుకు తెరిచారో, సర్వర్ దాన్ని ఎందుకు వదిలేసిందో, పుంగనూరు అమ్మాయికి దీనితో సంబంధం లేదని, ఆమెను పుంగనూరు పంపించమని, నా విషయం మీ ఇష్టమని. పంపే ముందు ఫోన్ తీసుకెళ్లి కౌంటర్ అద్దం సందులోంచి లోపలికి పెట్టాను.

"ఇది నువ్వు సదువు ముందు."

ఆమె చేతులు చున్నీకి తుడుచుకుని ఫోన్ అందుకుంది. మొదటినుంచి మొదలుపెట్టింది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి, వేలు లైను వెంట పోతోంది. లైనులో ముందున్న ముసలాయన పరగడుపున వచ్చినవాడే, చేతిలో చీటీ ఉంది. ఆయన ఆమెను తొందరపెట్టలేదు. కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి, ఆమె చదవడం అయ్యేదాకా ఆమె ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు.